ఎంగిలి పుప్పొడి

తోంగ్ చింగ్‌హై మాస్టారి ప్రయోగశాలలోకి పువ్వు రాకూడదు. ఊరంతా బొగ్గు మసి, చెట్లకు ఆకులుండేదే ఏడాదిలో అయిదారు నెలలు, అయినా ఆయన భయం ఆయనది. వసంతంలో పాప్లార్ చెట్ల దూది గాలికి లేచే రోజుల్లో కిటికీ సందులన్నిట్లో తడిపిన పాత పేపర్లు కూరించేవాడు. తలంటుకోకుండా ఎవరైనా వస్తే గుమ్మం దగ్గరే ఆపేసేవాడు. పెళ్లి కుదిరిన ఒక పిల్ల సరదాపడి కోటు బొత్తానికి కాగితం పువ్వు తగిలించుకొస్తే, కాగితమని తెలిసి కూడా మెట్ల మీద నిలబెట్టి పీకించి చెత్తబుట్టలో వేయించాడు. ఆ పిల్ల తర్వాత లెక్కల శాఖలో చేరింది, మళ్లీ ఇటువైపు తొంగి చూడలేదు.

పిచ్చి అనుకోనక్కర్లేదు, ఆ పని అలాంటిది. పువ్వు వాడిపోతుంది, రాలుతుంది, కుళ్లిపోతుంది, రాయిలో దాని ఆనవాలు మిగలడం చాలా అరుదు. దాని పుప్పొడి మాత్రం అంత తేలిగ్గా చావదు. ఆ రేణువు పైపెంకు ఎంత మొండిదంటే, బొగ్గును నత్రికామ్లంలో నానబెట్టి, రాతిని కరిగించే ఆమ్లం పోసి, ఉన్నదంతా కరిగిపోయాక కూడా అడుగున అది మిగులుతుంది. దాన్ని గాజుపలక మీద జిగురులో పరిచి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఏ కాలంలో ఏ చెట్టు బతికిందో చెప్పొచ్చు. పూలు పూసే మొక్క భూమ్మీదికి ఎప్పుడొచ్చిందని అడిగితే గట్టిగా జవాబు చెప్పే సాక్షి ఆ దుమ్మే. పదమూడు కోట్ల ఏళ్లకు అవతల ఆ సాక్షి ఎవరికీ నమ్మకంగా దొరకలేదు. ఆ ఊరి హైగౌ గని బొగ్గు పదహారు కోట్ల ఏళ్లది. అందులో ఫెర్న్ మొక్కల బీజాలు, పైన్ జాతి చెట్ల రెక్కల పుప్పొడి, గింకో చెట్ల పుప్పొడి కుప్పలుగా ఉండేవి. పువ్వు జాడ మాత్రం లేదు.

అంత పాతదాంట్లో నిన్న మొన్నటి పూల దుమ్ము ఒక్క రేణువు పడితే చాలు, ఏళ్ల పని మట్టిపాలు. అలా బయటి దుమ్ము కలిసిన పలకను ఆ ప్రయోగశాలలో 'ఎంగిలి' అనేవాళ్లు. ఆ మాట పెట్టింది తోంగ్ మాస్టారే. ఎంగిలి పలక కనబడితే ఆయన దాన్ని వేడినీళ్ల పంపు కింద పెట్టి బొటనవేలితో రుద్ది కడిగేసేవాడు. పలక ఎవరిదో వాళ్లు పక్కన నిలబడి చూడాలి. అది అక్కడి పద్ధతి.

ఇంత నిప్పులు కడిగే మనిషీ మధ్యాహ్నం కాగానే అదే బల్ల దగ్గర కూర్చుని ఆవిరి రొట్టె విరుచుకుని, దానికి ఉల్లికాడ పూల పచ్చడి దట్టంగా పట్టించి లొట్టలేసుకుంటూ తినేవాడు. ఉల్లికాడలు పూతకొచ్చినప్పుడు ఆ తెల్లపూలు కోసి ఉప్పేసి నూరి జాడీకెత్తే పచ్చడి అది. ఆ చుట్టుపక్కల అది లేని ఇల్లు లేదు. కుండలో గొర్రె మాంసం ఉడుకుతుంటే పక్కన అది ఉండాల్సిందే. తోంగ్ వాళ్లావిడ చేతి పచ్చడికి మరీ పేరు. కాగితం పువ్వును కూడా రానివ్వని ఆ గదిలో ఆ జాడీ ఏళ్ల తరబడి కాపురం చేసింది. అందులో ఉన్నవి పూలేనని ఒక్కరికీ తట్టలేదు. జాడీలోకెక్కాక అది అందరి లెక్కలో కూర.

లువాన్ యాచిన్ ఆ ప్రయోగశాలలో చేరి ఏడాది కాకముందే ఆ రేణువు ఆమెకు దొరికింది. అప్పటికి ఇరవై ఆరేళ్ల పిల్ల. తండ్రి హైగౌ గనిలో బొగ్గు కొట్టే మనిషి. కూతురు చదువుకి పనికొస్తుందని బాగా లోతు పొరలోంచి ఒక ముద్ద విరిచి, చొక్కాలో పెట్టుకుని తెచ్చిచ్చాడు. అందులో సగం ముద్దను ఆమె ఆమ్లంలో వేసింది. పలక కింద ఫెర్న్ బీజాల మధ్య ఒక్కటి వేరేగా కనబడింది. పొడుగ్గా ఒకటే గాడి, ఒంటి నిండా చుక్కల నగిషీ. పుస్తకంలో తప్ప అలాంటిది ఆమె చూసి ఎరగదు. పువ్వు పూసే మొక్కదే.

"మాస్టారూ, ఒక్కసారి చూస్తారా?" అంది.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపు ఎంతకీ ఎత్తకపోతే పక్క బల్లలవాళ్లు కూడా పని ఆపేశారు. చివరికి లేచి, "అందరూ ఇటు రండి" అని పిలిచాడు. యాచిన్ గుండె ఎగిరి గంతేసింది.

"చూడండి. మన లువాన్ పదహారు కోట్ల ఏళ్ల బొగ్గులో పువ్వు పూయించింది. తల ఎప్పుడు కడుక్కున్నావే పిల్లా?"

"పొద్దున్నే మాస్టారూ. మీరు చెప్పినట్టే..."

"మరి ఇదెక్కడిది? మీ నాన్న గని లోపల తోట వేస్తున్నాడా?"

అందరూ నవ్వారు. సుయ్ అనే కుర్రాడు, ఆమె కంటే కొన్ని నెలలు వెనక చేరినవాడు, మాస్టారి మెప్పు కోసం ఇంకాస్త ముందుకొచ్చాడు. "అక్కా, మా చెల్లి పెళ్లికి గుత్తి కావాలి, ఆ గనిలోంచి తెప్పించవూ!"

తోంగ్ మాస్టారు పలక తీసి పంపు కింద పెట్టి రుద్దాడు. యాచిన్ పక్కన నిలబడి చూసింది. తల కొట్టేసినట్టయింది. మిగతా సగం ముద్ద ఏమైందో ఆ గొడవలో ఆమె అడగలేదు, తర్వాత వెతికితే కనబడలేదు. ఆ రోజు నుంచి ఆమె పేరు ఎంగిలి లువాన్. పువ్వుల జోలికి పోవద్దని చెప్పి ఆమెకు ఫెర్న్ బీజాలు అప్పగించారు, పట్టా కూడా వాటి మీదే వచ్చింది. తండ్రి ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడితో మంచాన పడ్డాక ఒకసారి అడిగాడు, "నేనిచ్చిన ముద్దలో ఏదో దొరికిందన్నావు కదమ్మా?" అని. "ఏం లేదు నాన్నా, నా చేతి మురికి" అంది. ఒక మంచి మాట వినకుండానే ఆయన పోయాడు. ఆ బాధ ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

కొన్నేళ్లకు ఒక శీతాకాలం మిత్రులతో గొర్రె మాంసం తింటూ ఉంటే ఆమెకు ఏదో తోచింది. మిగిలిన పచ్చడి ఒక చుక్క కాగితంలో మడిచి తెచ్చి, మర్నాడు సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పొడుగ్గా ఒకటే గాడి. ఒంటి నిండా చుక్కలు. పరిమాణం కూడా అదే. ఒంటరిగా కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. అయితే ఎంగిలి ఆమెది కాదన్నమాట, మాస్టారి రొట్టెముక్కది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. జాడీ మూత బిగించినట్టు బిగించి ఏళ్ల తరబడి లోపల ఊరబెట్టుకుంది.

కాలం ఎవరి కోసం ఆగుతుంది! తోంగ్ మాస్టారు రిటైరయ్యాడు. ప్రయోగశాల యాచిన్ చేతికొచ్చింది. పాత మర్యాద కొద్దీ ఆయనకు కిటికీ దగ్గర ఒక బల్ల, ఒక సొరుగు వదిలేశారు. ఆయన రోజూ వచ్చి కూర్చునేవాడు, జాడీతో సహా. హైగౌ గని నీళ్లు పట్టి మూతబడి అప్పటికి చాలా కాలమైంది.

ఒక శరదృతువు ఉదయం ఆయన గాజుపలకను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఆమె గదిలోకొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూడు" అన్నాడు.

చూసింది. అదే ముఖం. అదే గాడి, అవే చుక్కలు.

"హైగౌ బొగ్గేనా మాస్టారూ?"

"హైగౌదే. నా దగ్గర పాత ముక్క ఒకటుంది."

"అప్పుడు నాకు దొరికిందీ అచ్చం ఇలాగే ఉండేది."

"నీది ఎంగిలి" అన్నాడు, కళ్లలో కళ్లు పెట్టి. "ఇది కాదు."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఆమె జాడీ సంగతి ఆయన చెవిలో చెప్పి ఊరుకునేదేమో. ఊరుకునేది కాదు లెండి. కానీ తర్వాత తనకు తాను అలాగే చెప్పుకుంది.

"అభినందనలు మాస్టారూ. సభ పెడదాం. బీజింగ్ నుంచి కూడా పిలుద్దాం" అంది.

ఇక ఆమె సన్నాహం చూడాలి. ముందుగా తోంగ్ వాళ్లింటికి వెళ్లింది. "అమ్మగారూ, సభకి పెద్దవాళ్లొస్తున్నారు. మీ చేతి పచ్చడి ఒక జాడీ ఇస్తే పదిమందికీ చూపిస్తాను" అంది. ఆ ముసలావిడ పొంగిపోయి, కొత్తగా పెట్టిన జాడీకి నీలం గుడ్డ వాసెన కట్టి ఇచ్చింది. యాచిన్ ఆ పచ్చడిని బొగ్గుకి చేసినట్టే అన్ని ఆమ్లాల్లోనూ నానబెట్టింది. నత్రికామ్లంలో నానితే పాత నలుపూ కొత్త తెలుపూ ఒకే పసుపురంగుకి వస్తాయి, కాబట్టి రంగు దొంగను పట్టివ్వదు. వేలకు వేల రేణువులు పలకల మీద పరిచి, వాటిలో మాస్టారి రేణువు ఎలా ముడుచుకుందో సరిగ్గా అలాగే ముడుచుకున్న దాని కోసం రోజుల తరబడి వెతికింది. మిగతావన్నీ చూస్తే కొంచెం తేడా తెలుస్తూనే ఉంది. ఆ తేడా గురించి ఆలోచించడానికి ఆమె ఒప్పుకోలేదు. కావాల్సింది ఒక్కటి, అది దొరికింది.

సభ ప్రయోగశాలలోనే పెట్టారు. బల్లలు పక్కకి జరిపి కుర్చీలు వేశారు. సూక్ష్మదర్శినికి కెమెరా, గోడ మీద తెర. సంస్థ డైరెక్టర్, బీజింగ్ నుంచి ప్రొఫెసర్ యాన్, ఇద్దరు విలేఖరులు, పాత శిష్యులు అందరూ వచ్చారు. తోంగ్ వాళ్లావిడ కొత్త ఉన్నికోటు వేసుకుని ముందు వరసలో కూర్చుంది. మాస్టారు అల్లుడి టై కట్టుకుని మాట్లాడాడు. ఒక జీవితమంతా బొగ్గు కడిగిన మనిషికి చివరికి ఒక పువ్వు దొరికిందన్నాడు. చప్పట్లు మోగాయి.

యాచిన్ లేచింది. "మాస్టారు అనుమతిస్తే ఒక చిన్న ఆట. నా దగ్గరా ఒక పలక ఉంది. రెండూ తెర మీద వేస్తాను. ఏది తమదో మాస్టారు ఒక్క చూపులో చెప్పేస్తారు."

"సభలో ఆటలేంటి పిల్లా?"

ప్రొఫెసర్ యాన్ సరదా మనిషి. "ఆడదాం, ఆడదాం! తోంగ్ గారి కంటి గురించి వినడమే గానీ మేం చూసిందెప్పుడు?"

తెర మీద రెండు బొమ్మలు పడ్డాయి. రెండూ ఒకే తీరుగా ముడుచుకుని, ఒకే పసుపు రంగులో ఉన్నాయి. మాస్టారు దగ్గరికెళ్లి చూశాడు, వెనక్కొచ్చి చూశాడు. మెడ మీద చెమట పట్టింది.

"తొందరేం లేదు మాస్టారూ. ఇంకోసారి చూడండి."

"ఎడమది."

"ఖాయమేనా?"

"నా రేణువు నాకు తెలీదా? ఎడమదే!"

యాచిన్ సంచిలోంచి జాడీ తీసి బల్ల మీద పెట్టింది. నీలం గుడ్డ విప్పింది. ఘాటు గదంతా పాకింది.

"ఎడమది అమ్మగారి చేతి పచ్చడి. ఈ ప్రయోగశాలలోకి పూలు తేకూడదని మాస్టారు మా అందరి తలలూ కడిగించారు. ఆయన మాత్రం రోజూ రొట్టె మీద రాసుకుని తెచ్చేవారు."

ముందు ప్రొఫెసర్ యాన్ నవ్వు మొదలైంది. ఆపుకోలేక కుర్చీ చేతిని పట్టుకున్నాడు. పెద్దవాడు నవ్వాక ఇక అడ్డేముంది, గదంతా నవ్వింది. సుయ్ అందరికంటే గట్టిగా నవ్వాడు, ఈసారి ఇటువైపు నిలబడి. "మాస్టారూ, ఉల్లికాడలు పదహారు కోట్ల ఏళ్ల నాడే నూరేవారా అమ్మగారు?"

ముసలావిడ పక్కనున్నవాళ్లతో, "పదిమందికీ చూపిస్తానంది, అందుకే ఇచ్చాను" అంటోంది. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

"మరి కుడిది?" అన్నాడు యాన్, కళ్లు తుడుచుకుంటూ.

"అదీ అమ్మగారి పచ్చడిదే, వేరే ఏడాది పంట" అంది యాచిన్. అది నిరూపించమని ఎవరూ అడగలేదు. నవ్వు తీర్పు చెప్పేసింది.

"కాదు" అన్నాడు మాస్టారు. "గోడలో తేడా ఉంటుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెడితే..."

"పెట్టాలంటే రేణువును జిగురులోంచి కనురెప్ప వెంట్రుకతో ఎత్తాలి. మీ చెయ్యి చూసుకోండి ఎలా ఉందో." మాస్టారి పలక అప్పటికే ఆమె చేతిలో ఉంది. "ఎంగిలి పలకను ఏం చేయాలో మాకు నేర్పింది మీరే కదా. రండి, పక్కన నిలబడండి."

డైరెక్టర్ "ఆగమ్మా, ఆగు" అనేలోపే ఆమె పంపు తిప్పింది. వేడినీళ్లు రానిచ్చి, బొటనవేలితో నెమ్మదిగా రుద్దింది. తోంగ్ మాస్టారు పక్కకి రాలేదు. ఉన్నచోటే నిలబడి టై సర్దుకుంటున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ సర్దుకుంటున్నాడు. ఆమె కడుపు చల్లబడింది. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత హాయిగా ఆ రాత్రి నిద్రపోయింది.

ఆయన మళ్లీ రాలేదు. నెల తర్వాత ఆ బల్ల ఖాళీ చేయమని డైరెక్టర్ అంటే యాచిన్ స్వయంగా సొరుగు లాగింది. అరిగిన సూదులు, కళ్లజోడు, అడుగున గుడ్డలో చుట్టిన బొగ్గుముద్ద. చీటీ లేదు, ఊరూ పేరూ లేదు. కొత్తగా చేరినవాళ్లకి కడగడం నేర్పడానికి పనికొస్తుందని సుత్తితో ఒక దెబ్బ వేసింది. ముద్ద పొరలుగా విడిపోయింది. ఒక పొర మీద గోధుమగింజంత మచ్చ నిగనిగలాడింది.

ఎందుకు ఊరుకోలేదో ఆమెకే తెలియదు. ఆ ముక్కకు ఒక్క చుక్క ఆమ్లం తగలనివ్వకుండా అలాగే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టింది.

మచ్చ నిండా రేణువులే. ఒకదానికొకటి అతుక్కుని, బొగ్గు బరువుకి చదునుగా నలిగి, చుట్టూ పుప్పొడి సంచి గోడ చిరుగులతో సహా ఉన్నాయి. ఒక్కొక్కదానికీ పొడుగ్గా ఒకటే గాడి. పచ్చడి రేణువును ఇంత దగ్గరగా చూస్తే ఆ చుక్కలన్నీ ముడతలుగా తేలతాయి. ఇక్కడ ముడతలు లేవు, చిన్న చిన్న స్తంభాల మీద నిలబెట్టిన వల ఉంది. అలా స్తంభాల మీద గోడ కట్టుకునేది పూలు పూసే మొక్క పుప్పొడే. రాతిలో నలిగిన దాన్ని ఏ రొట్టెముక్కా తెచ్చి అక్కడ పెట్టలేదు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. మాస్టారి రేణువు నిజం. దాన్ని తన బొటనవేలే రుద్దేసింది. అది నిజమైతే, అదే ముఖంతో ఉన్న తన మొదటి రేణువూ నిజమేనా? నాన్న తెచ్చిచ్చిన ముద్దలో... ఆ పైకి ఆలోచన సాగలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

ఏడుపయ్యాక లెక్క వేసుకుంది. ముద్దకు చీటీ లేదు. గని నీళ్లలో ఉంది. ఎక్కడిదో తెలియని బొగ్గులో ఏది దొరికినా దాన్ని ఎవరూ నమ్మరు, పైగా ఈ ప్రయోగశాల పేరెత్తితే ఇప్పుడు దేశమంతా పచ్చడి అంటోంది. ఇది హైగౌ లోతు పొరలోదని చెప్పగలిగే నోరు ఒక్కటే ఉంది. బొమ్మలూ, మచ్చ ఉన్న ముక్కతో సహా మిగిలిన ముద్దంతా సంచిలో పెట్టుకుని తోంగ్ వాళ్లింటికి బయల్దేరింది.

ముసలావిడ తలుపు తీసి పక్కకి తప్పుకుంది. మాస్టారు పొయ్యి పక్కన కూర్చుని, పండగకి వెనిగర్‌లో ఊరబెట్టడానికి వెల్లుల్లి వలుస్తున్నాడు. ఒళ్లు ఏమీ చిక్కలేదు.

"రండి ప్రయోగశాల పెద్దగారూ. ఏంటి, మళ్లీ పచ్చడి కావాలా? మా ఆవిడ పెట్టడం మానేసింది."

ఆమె బొమ్మలు ఆయన ముందు పెట్టింది. ఆయన చేతులు తుడుచుకుని కళ్లజోడు పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు, ఆనాటిలాగే.

"ఎంతమంది చూశారు?"

"నేనొక్కదాన్నే."

"ఆమ్లం?"

"తగల్లేదు. బొగ్గు విరిస్తే లోపల ఉన్నాయి. సంచి గోడ కూడా ఉంది, ఇదుగో ఈ మూల."

"స్తంభాలు చూశావా ఎంత వరసగా ఉన్నాయో!" ఆయన వేలు బొమ్మ మీద నెమ్మదిగా కదిలింది. ముఖంలో కోపం లేదు. ఇద్దరూ ఒకే బొమ్మ మీదికి వంగి ఉన్నారు. జీవితంలో మొదటిసారి ఆమెకు ఆయన మీద ప్రేమలాంటిది కలిగింది.

"మాస్టారూ, ఈ ముద్ద హైగౌదేనా?"

"నీకు గుర్తు లేదూ? మీ నాన్న తెచ్చిందే. సగం నువ్వు వాడావు, సగం నేను దాచాను."

ఆమె సంచిలోని ముద్దను తడుముకుంది.

"అప్పుడు నాది..."

"నీది నిజమే. చూడగానే తెలిసింది నాకు." వెల్లుల్లి పాయ ఇంకొకటి తీసుకున్నాడు. "అప్పటికే పాతికేళ్లుగా ఆ బొగ్గు కడుగుతున్నాను. నువ్వొచ్చి ఏడాది కాలేదు. పువ్వు నీ పేరున పుడితే ఇక నేనెందుకు బతికినట్టు? నువ్వు మర్చిపోయేదాకా ఆగాను. నువ్వు మర్చిపోవని నాకు తెలీదు."

చలి ఎలా ఉందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ముసలావిడ గోడవైపు తిరిగింది.

యాచిన్ కోపాన్ని దిగమింగుకుంది. అంతకంటే పెద్దది చేతిలో ఉంది. "ఈ మాట పదిమందిలో చెప్పండి మాస్టారూ. ముద్ద ఎక్కడిదో ఒక్కటి చెప్తే చాలు. మీ పేరు పెడదాం. నా పేరు అక్కర్లేదు."

"అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"మోకాళ్ల మీద కూర్చుని అడుగు."

కూర్చుంది. సంచిలోంచి ముద్ద తీసి రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది.

"నా పలక కడిగావు చూడు, నీళ్లు వేడిగానే ఉన్నాయా?"

"ఉన్నాయి మాస్టారూ."

"బాగా కడిగావు. నేను నేర్పినట్టే." ఆయన ముద్ద తీసుకుని బరువు చూసినట్టు చేతిలో ఆడించాడు. "పదిమందిలో అడిగితే నేనేమంటానో చెప్పనా? ఎంగిలి అంటాను. రోడ్డు పక్క బొగ్గుల దుకాణంలో ఏరుకొచ్చిందంటాను. నా ముసలిదాని ముందు నన్ను నవ్వులపాలు చేశావే నువ్వు."

కొక్కెంతో పొయ్యి మూత ఎత్తి ముద్దను లోపల వేశాడు.

ఆమె మోకాళ్ల దగ్గరే పట్టకారు ఉంది. చెయ్యి చాస్తే అందేది. ముద్ద వెంటనే అంటుకోలేదు, కాసేపు నల్లగా నిప్పుల మీద కూర్చుంది. ఆ కాసేపట్లో ఆమెకు సభ గుర్తొచ్చింది. దాన్ని బయటికి తీస్తే, వేల రేణువుల్లోంచి ఒక్కదాన్ని ఏరి అందరి కళ్లూ కప్పానని తన నోటితో తనే చెప్పాలి. ప్రొఫెసర్ యాన్ ఈసారి ఎవరిని చూసి నవ్వుతాడో ఆమెకు తెలుసు. చెయ్యి కదల్లేదు. ముద్ద అంచులు ఎర్రబడ్డాయి, తర్వాత మంట లేచింది. మాస్టారు ఆమె చేతివైపే చూస్తున్నాడు. అంతా అర్థమైనట్టు తల ఊపాడు.

ముసలావిడ వచ్చి మంట చూసి పొయ్యి మీద కెటిల్ పెట్టింది. "హైగౌ బొగ్గే వేరు. ఎంత వేడి! ఇప్పుడు దొరకట్లేదు" అంది.

"ఊరికే కూర్చోకు" అంటూ మాస్టారు వెల్లుల్లి పళ్లెం ఆమె వైపు జరిపాడు. యాచిన్ ఒక పాయ తీసుకుని వలవడం మొదలుపెట్టింది. కాసేపటికి నీళ్లు కాగాయి. ముగ్గురూ టీ తాగారు.